పసుపు సంచిలో ఏముంది?

మద్రాసు తెలుగిళ్ళలో ఫ్రిజ్ పక్కన మేకుకో, దేవుడి గూటి కింద కొక్కేనికో ఒక పసుపు గుడ్డసంచి వేలాడుతూ ఉంటుంది. ఏ పెళ్ళిలోనో తాంబూలం పెట్టి చేతికిచ్చిన సంచి. దాని మీద వధూవరుల పేర్లు తమిళంలో వెలిసిపోయి కనబడతాయి. ఇక్కడ దాన్ని మంజప్పై అంటారు. ప్లాస్టిక్ మానిపించడానికి తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ఈ సంచిని మళ్ళీ జనం చేతికి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో మాత్రం అది అసలెప్పుడూ పోలేదు. అందులో ఉండేవి మందులు.

వడపళనిలో ఉండే మా మేనత్తకి డెబ్భై ఎనిమిదేళ్ళు. నెల్లూరు నుంచి కాపురానికి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. తమిళం గడగడా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. మొన్నొక ఆదివారం ఆవిడ సంచిని మంచం మీద బోర్లించాం. నాతోపాటు ఫార్మ్-డి చివరి ఏడాది చదువుతున్న మా చుట్టాలమ్మాయి ఉంది. మొత్తం పద్నాలుగు రకాలు తేలాయి. కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చినవి కొన్ని. గుండె డాక్టరు రాసినవి కొన్ని, మోకాళ్ళ డాక్టరు రాసినవి కొన్ని. వీధి చివర మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు. తనకి బాగా పనిచేసిందని ఎదురింటావిడ ఇచ్చిన సగం షీటు. ఆ సగం షీటులో పేరున్న వైపు కత్తిరించి పోయింది. మిగిలిన ముక్క మీద ధర మాత్రం స్పష్టంగా ఉంది.

అమ్మాయి ఒక చిన్న తెల్ల మాత్రల షీటు పట్టుకుని అడిగింది.

"ఇదెప్పుడేసుకుంటావు అమ్మమ్మా?"

"అదా? పొద్దున లేవగానే. కాఫీతో."

"కాఫీతోనా!"

"మరి వట్టి కడుపునే వేసుకోమన్నాడుగా డాక్టరు. కాఫీ తిండి ఎట్లా అవుతుందే?"

వాదన మంచిదే. కానీ అది థైరాయిడ్ మాత్ర. మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట ఆగితేగాని సరిగా ఒంటికి పట్టదు. కాఫీ దానికి అడ్డుపడుతుంది. ఎనిమిదింటికి ఇడ్లీ తిని వేసుకునే కాల్షియం బిళ్ళ ఇంకా అడ్డం. ఆ రెంటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. పరీక్షలో థైరాయిడ్ అదుపులోకి రాలేదని మా అత్తయ్యకి ఏడాదిలో రెండుసార్లు మోతాదు పెంచారు. కాఫీ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాఫీ తాగడం కూడా డాక్టరుకి చెప్పాల్సిన జబ్బా అని ఆవిడ సందేహం.

ఇంకో చిక్కుముడి అంత తేలిగ్గా విడలేదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండలు వాస్తాయి. ఈవిడకీ వాచాయి. వాపు చూపించడానికి వేరే డాక్టరు దగ్గరికి వెళితే ఆయన నీరు లాగే మాత్ర రాశాడు. దాంతో రాత్రికి నాలుగుసార్లు లేవడం మొదలైంది. పడిపోతానేమోనన్న భయంతో సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేసింది. నీళ్ళు తగ్గేసరికి తల తిరుగుడు. దానికి ఇంకో మాత్ర. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని దానికింకో మందు, దాని ఇబ్బందికి మరొకటి. గొలుసులో ఏ డాక్టరుకి ఆ డాక్టరు సరిగ్గానే రాశాడు. మొత్తం గొలుసుని చూసినవాళ్ళు మాత్రం లేరు.

మూడోది నన్ను భయపెట్టింది. చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ ఆరోగ్య కేంద్రం ఇచ్చిన షీటులో ఉంది. ప్రైవేటు డాక్టరు రాసిన జంట మాత్రలోనూ అదే ఉంది, పేరు వేరు. ఆవిడ రెండూ వేసుకుంటోంది. తెల్లవారుజామున చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయని నెల రోజులుగా చెబుతోంది. మేమేమో గుండెకేదో అయిందని ఈసీజీ తీయించి వచ్చాం.

అమ్మాయి తన అంతట తాను ఏ మందూ ఆపలేదు, మార్చలేదు. ఒక తెల్లకాగితం మీద వరసగా మందు అసలు పేరు, ఎవరు రాశారు, ఎందుకు, ఈవిడ నిజంగా ఎలా వేసుకుంటోంది అని రాసింది. మూడుచోట్ల చుక్క పెట్టింది. మర్నాడు ఆ కాగితం డాక్టరు ముందు పెట్టాం. ఆయన రెండు నిమిషాలు చూసి, రెండు కొట్టేసి, ఒకటి మార్చి, "ఇది ఎవరు రాశారండీ?" అని అడిగాడు. మంచం మీద ఆ పని పట్టింది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు మన ఊళ్ళో ఎవరి ఉద్యోగమూ కాదు. క్లినికల్ ఫార్మసిస్టు అనే మాట పెద్దగా వినబడుతుంది గానీ, విప్పి చెబితే ఆ నలభై నిమిషాల మనిషే. పెద్ద కార్పొరేట్ ఆస్పత్రుల వార్డుల్లో ఇప్పుడు ఈ మనుషులు ఉన్నారు. జ్వరానికీ బీపీకీ షుగరుకీ జనం ముందుగా వెళ్ళే చిన్న ఆరోగ్య కేంద్రంలో లేరు.

పాతతరానికి కాంపౌండరు గుర్తుంటాడు. ఖాళీ సీసా ఇంటినుంచే పట్టుకెళ్ళాలి. గులాబి రంగు మందేదో అందులో పోసి, కాగితం ముక్కని పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసా పక్కన జిగురుతో అంటించేవాడు. ఒక పన్ను ఒక పూటకి. అక్షరం రానివాళ్ళకి అంతకంటే తేటగా మోతాదు చెప్పే పద్ధతి నేను ఇప్పటికీ చూడలేదు. ఆ జిగురు ఆరేలోపు "పెరుగన్నం తినొచ్చా?", "తలకి పోసుకోవచ్చా?" అని అడిగే వ్యవధి దొరికేది. డాక్టరుగారి దగ్గర నోరు పెగలని వాళ్ళంతా కాంపౌండరు దగ్గరే మాట్లాడేవాళ్ళు. తర్వాత మందులు ఫ్యాక్టరీ నుంచి రేకు కాగితంలో బిగించుకుని రావడం మొదలైంది. కలపడానికేమీ మిగల్లేదు. కలిపే పని పోవడంతో ఆ కాసేపు మాటా పోయింది.

ఇప్పుడా మాట కిటికీ ఊచల మధ్య నుంచి రావాలి. ఆరోగ్య కేంద్రంలో మందుల కిటికీ ముందు ఒక గంట నిలబడి చూస్తే తెలుస్తుంది. "కాలై ఒణ్ణు, రాత్తిరి ఒణ్ణు, సాప్పాట్టుక్కు అప్పుఱం." పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక. అంతలో వెనకవాళ్ళ మోచెయ్యి తగులుతుంది. చీటీ ఇంగ్లీషులో, చెప్పిన మాట తమిళంలో, ఇంటికెళ్ళి గుర్తు తెచ్చుకునేది తెలుగులో. ఈ ఊళ్ళో ఉర్దూలో, సౌరాష్ట్రంలో గుర్తు తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. మెట్రో పనులకి వచ్చి హిందీలోనో ఒడియాలోనో గుర్తు తెచ్చుకునే కుర్రవాళ్ళూ ఉన్నారు. కిటికీ లోపలి మనిషిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. స్టాకు లెక్క, ఇండెంటు, టీకాల ఫ్రిజ్ వేడి చూసి రాసుకోవడం, కంప్యూటరులో ఎక్కించడం అన్నీ ఆ ఒక్కరి నెత్తినే.

మందు అందించడంలో చెన్నైకి వంక పెట్టడం కష్టం. 1994లో తమిళనాడు వైద్య సేవల కార్పొరేషన్ పెట్టారు. పూర్ణలింగం అనే ఐఏఎస్ అధికారి దాన్ని నిలబెట్టారు. మందులన్నీ ఒక్కచోట కొని, నాణ్యత పరీక్ష చేయించి, జిల్లా గిడ్డంగులకి చేరుస్తారు. ప్రతి ఆస్పత్రికీ బ్యాంకు పాస్‌బుక్కులాంటిది ఒకటి ఇచ్చి, అందులో ఉన్న మొత్తం మేరకు కావలసిన మందు తీసుకెళ్ళమన్నారు. డబ్బాలో విడిగా పోసి ఉంచే మాత్రల బదులు షీట్లు వచ్చాయి. కేరళ, రాజస్థాన్ తర్వాత ఈ దారే పట్టాయి. 2021 ఆగస్టు 5న తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లాలో 'మక్కళై తేడి మరుత్తువం' మొదలైంది. జనాన్ని వెతుక్కుంటూ వెళ్ళే వైద్యం అని అర్థం. బీపీ, షుగరు మాత్రల్ని మహిళా కార్యకర్తలు గుమ్మం దగ్గరికే తెచ్చిస్తారు. ఐక్యరాజ్యసమితి సంస్థల బృందం 2024లో దానికి అవార్డు ఇచ్చింది. 2025 ఫిబ్రవరి 24న తక్కువ ధరకి జెనరిక్ మందులు అమ్మే 'ముదల్వర్ మరుందగం' దుకాణాలు రాష్ట్రమంతటా ఒక్కరోజే వెయ్యి తెరిచారు.

ఇన్ని దారుల్లో ఇంటికి చేరిన మందు చివరికి ఒకే సంచిలో పడుతోంది. పాస్‌బుక్కులో ఆ మాత్ర ఏ గిడ్డంగి నుంచి ఏ కేంద్రానికి ఏ తేదీన వెళ్ళిందో ఉంటుంది. కాఫీతో వెళ్ళిందో, మంచినీళ్ళతో వెళ్ళిందో ఉండదు.

1948లో స్టాన్లీ ఆస్పత్రిలో ప్రొఫెసర్ ఎం. విశ్వనాథన్ మధుమేహానికి ప్రత్యేకంగా ఒక క్లినిక్ తెరిచినప్పుడు అది ఈ దేశానికే కొత్త. అదే చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి చేసిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. షుగరున్నవాళ్ళు 10.1 కోట్ల మంది, బీపీ ఉన్నవాళ్ళు 31.5 కోట్ల మంది అని తేలింది. వీళ్ళలో ఎందరో రెండు జబ్బులూ ఉన్నవాళ్ళే. ఇవి వారం రోజులు మందు మింగి మరిచిపోయే జబ్బులు కావు. ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు రోజూ వేసుకోవాలి. మన ఆరోగ్య కేంద్రాలు మాత్రం ఇప్పటికీ జ్వరానికి మూడు రోజుల మాత్రలిచ్చి పంపినంత హడావిడిగానే వీళ్ళనీ పంపిస్తున్నాయి.

మద్రాసు మెడికల్ కాలేజీ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. భీమవరంలో పుట్టి, ఇక్కడ చదివి, ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు తెల్లదొర ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్ దక్కక ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్న మనిషి. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. దాన్ని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. ఆ రెండో కోవలోదే మెథోట్రెక్సేట్. మొదట క్యాన్సరు మందు. ఇప్పుడు చిన్న మోతాదులో కీళ్ళవాతానికి విరివిగా వాడుతున్నారు. ఒక ప్రమాదం ఇక్కడే ఉంది. కీళ్ళవాతానికి ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాని దుష్ప్రభావం తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ వేరే రోజున వేసుకోవాలి. చాలా కంపెనీలవి రెండూ పసుపు రంగు చిన్న బిళ్ళలే. వారానికొకసారి అన్నది రోజుకొకసారి అయితే నోరు పొక్కుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ప్రపంచమంతటా ఇలా చనిపోయినవాళ్ళున్నారు. 2020లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ వారంలో ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు చీటీ మీద పూర్తిగా రాయాలని డాక్టర్లకి చెప్పింది.

ఒక తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చిన ఈ రెండు పసుపు బిళ్ళలూ మన పసుపు సంచిలో పక్కపక్కనే పడుంటాయి. "ఇది మంగళవారం మాత్రమే అమ్మమ్మా" అని తెలుగులో చెప్పి, మళ్ళీ ఆవిడ చేతే చెప్పించుకునేవాళ్ళు కావాలి. ఈ పనికి అంతకుమించిన పరికరమేదీ అక్కర్లేదు.

చట్టం ఇదంతా ఎప్పుడో ఊహించింది. చదువుకున్న చెయ్యే మందు ఇవ్వాలన్నది 1948 ఫార్మసీ చట్టం సారాంశం. 2008లో ఫార్మ్-డి కోర్సు వచ్చింది. అయిదేళ్ళ చదువు, ఆరో ఏడు ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలైతే ఫార్మసిస్టు రోగికి ఏమేం చెప్పాలో పూసగుచ్చినట్టు రాశాయి. మందు పేరు, ఎలా వాడాలి, ఎన్నాళ్ళు, ఏ ఇబ్బంది రావచ్చు, ఏ మందుతో పడదు, ఎక్కడ దాచాలి, ఒకపూట మరిచిపోతే ఏం చెయ్యాలి. చదువుతుంటే మన ఊరి గురించి రాసినట్టే అనిపించదు. మందుల షాపుల్లో సర్టిఫికెట్ గోడకి, మనిషి ఇంకో ఊళ్ళో అన్న సంగతి అందరికీ తెలిసిందే కదా.

మరి ఆరేళ్ళు చదివిన పిల్లలేమయ్యారు? ఆంధ్ర, తెలంగాణల్లో ఈ కోర్సున్న కాలేజీలకి కొదవలేదు. బయటికొచ్చినవాళ్ళలో చాలామంది హైదరాబాదులోనో, ఇక్కడ ఓఎంఆర్ రోడ్డు మీదో అద్దాల మేడల్లో కూర్చుని విదేశీ రోగులకి మందులు పడకపోయిన కేసుల్ని కంప్యూటరులో ఎక్కిస్తున్నారు. మంచి ఉద్యోగమే, జీతమూ వస్తుంది. కానీ మా అత్తయ్య చెమటలు ఏ కంప్యూటరులోకీ ఎక్కలేదు. ఈలోగా బయట జరుగుతున్న తగవల్లా వీళ్ళు పేరుకి ముందు 'డాక్టర్' అని పెట్టుకోవచ్చా లేదా అన్నది. పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, మానితే మాననివ్వండి. ముందు కూర్చోడానికి కుర్చీ వెయ్యండి.

ఇది మన డాక్టర్లకి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు. నేను రాసినదాన్ని ఇంకొకరు దిద్దడమేమిటని అనిపించడం సహజం. బ్రిటన్‌లోనూ మొదట ఇలాంటి సందేహాలే వచ్చాయి. అక్కడ 2015లో కుటుంబ వైద్యుల క్లినిక్కుల్లో ఫార్మసిస్టుల్ని కూర్చోబెట్టి చూశారు. 2019 నాటి ఒప్పందంలో వాళ్ళ జీతానికి ప్రభుత్వమే నిధులు పెట్టింది. మందులు ఎక్కువగా వాడేవాళ్ళని, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్ళని పిలిచి, వాడుతున్నవన్నీ ఒక్కసారి పరిశీలించడం ఇప్పుడక్కడ మామూలు పని. అంత డబ్బు మనకి లేదంటారా? ఒప్పుకుంటాను. అయితే వాళ్ళకి లేనిది మన దగ్గర ఒకటుంది. ప్రతి ఏడాదీ ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలు వేలమంది. నిబంధన ప్రకారం వాళ్ళు ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లోనూ, మిగతా ఆరు నెలలు వేరే మూడు విభాగాల్లోనూ గడపాలి. ఆ పన్నెండు నెలల్లో ఒక్క నెల కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రానికి మళ్ళించడం ఎంత పని? వారానికి ఒక మధ్యాహ్నం, ఓపీ రద్దీ తగ్గాక, ఒక బల్ల, రెండు కుర్చీలు, అయిదు రకాలకి మించి మందులు వాడే పెద్దవాళ్ళు సంచులతో సహా. అనుమానం వచ్చినచోట చుక్క పెట్టిన కాగితం మెడికల్ ఆఫీసరు బల్ల మీదికి వెళుతుంది. మార్చేదీ ఆపేదీ ఆయనే. ముదల్వర్ మరుందగాల్లో ఎలాగూ ఫార్మసీ చదివినవాళ్ళే ఉంటారు. కౌంటరుకి ఇవతల అక్కడా ఒక కుర్చీ వేస్తే చాలు.

కూర్చుని మాట్లాడేదానికీ నిలబడి వినేదానికీ ఎంత తేడానో మా ఇంట్లోనే చూశాను. అదే మాత్ర గురించి కిటికీ దగ్గర ఎన్నోసార్లు చెప్పించుకున్న మనిషి, మంచం మీద కూర్చున్నాక పది నిమిషాలకి గొంతు తగ్గించి, "ఒక మాట చెబుతాను, మీ మామయ్యకి చెప్పొద్దు. ఆ పెద్ద మాత్ర గొంతులో అడ్డం పడుతుందని మూడు నెలలుగా వేసుకోవడం లేదు," అంది. తీసిన మాత్రలు దిండు గలీబులో దాచింది. పారేస్తే పాపం కదా, డబ్బులు పోసి కొన్నవి.

ఈ కుర్చీ, బల్ల ఎప్పుడు వస్తాయో కార్పొరేషను చేతిలో ఉంది. సంచి మాత్రం మన చేతిలో ఉంది. వచ్చేసారి అమ్మనో నాన్ననో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు చీటీతోపాటు ఆ సంచినీ తీసుకెళ్ళండి. నొప్పి మాత్రలు, నాటు మందులు, లేహ్యం సీసా, ఎదురింటివాళ్ళు ఇచ్చిన సగం షీటు, అన్నీ. షీట్లు కత్తిరించేటప్పుడు పేరున్న వైపు ఉంచమని షాపువాడికి చెప్పండి. ఏదీ మీ అంతట మీరు ఆపకండి. బల్ల మీద సంచి బోర్లించి, చీటీలో లేనివి ముందు చూపించండి.